సిమ్యులేషన్‌లో చదువా, పరిశోధనా, ఉద్యోగమా? విశాఖ నుంచి చూస్తే ఏ దారి ఎవరికి

గేట్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి కాలేజీలు తెరిచేదాకా ఎంవీపీ కాలనీలో మా ఇంటి గేటు చప్పుడు ఆగదు. మొన్న ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు మెకానికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది. "ఐఐటీలో సీటొస్తే పంపిస్తాను మాస్టారూ, రాకపోతే ఇక్కడే ఏదో ఒక కంపెనీలో చేరిపోతాడు, అంతే కదా?" అని తండ్రి. "ఆన్సిస్ నేర్చుకుంటే మంచిదాండీ, అబాకస్ నేర్చుకుంటే మంచిదాండీ?" అని కొడుకు. ఇవి రెండూ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు: ఒక వస్తువు బరువుకూ ఒత్తిడికీ ఎలా స్పందిస్తుందో నిజంగా తయారు చేయకముందే కంప్యూటర్‌లో లెక్కవేసి చూపిస్తాయి.

అబ్బాయి తన ప్రాజెక్టు రిపోర్టు తెచ్చాడు. క్రేను కొక్కెం. నీలం నుంచి ఎరుపు దాకా రంగులు పూసుకుని కాగితం మీద మెరిసిపోతోంది. "ఈ జవాబు సరైనదని నీకెలా తెలిసింది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఎర్రర్ ఏమీ రాలేదండీ" అన్నాడు.

అబ్బాయిని తప్పు పట్టలేదు. ఆ వయసులో నేనూ అంతే. ఎంటెక్ అయిన కొత్తలో ప్రెషర్ వెసల్స్‌కు ఆధారంగా ఉండే బ్రాకెట్ల డిజైన్ చూసే ఒక చిన్న సంస్థలో చేరాను. పేరు ఇప్పుడెందుకు లెండి. మొదటి బ్రాకెట్‌కు 5 మిల్లీమీటర్ల మెష్ (లెక్క కోసం వస్తువును విడగొట్టే చిన్న గళ్ల వల) వేసి లెక్క నడిపితే గరిష్ఠ స్ట్రెస్, అంటే లోహం లోపల వైశాల్యానికి పడే బలం, 180 మెగాపాస్కల్ వచ్చింది. వాడే ఉక్కు 250 దాకా లొంగదు. సంబరంగా రిపోర్టు రాసి పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన పేజీ తిప్పకుండానే "మెష్ సగం చెయ్యి" అన్నారు. 2.5 మిల్లీమీటర్లకు 247 వచ్చింది. "ఇంకోసారి." 1.25కు 338. సోమవారం నిక్షేపంగా నిలబడ్డ బ్రాకెట్ బుధవారానికి విరిగి కూర్చుంది. ఇనుము అదే, బరువు అదే, మారింది నా గళ్ల పరిమాణం ఒక్కటే.

"లోపలి మూలను కత్తితో కోసినట్టు గీశావు. అలాంటి మూల దగ్గర సిద్ధాంతం ప్రకారం స్ట్రెస్‌కు అంతు లేదు. మెష్ సగం చేసినప్పుడల్లా 37 శాతం చొప్పున పెరుగుతూనే ఉంటుంది. నెలరోజులు కూర్చున్నా నీకు జవాబు రాదు" అన్నారాయన. నిజం బ్రాకెట్‌లో ఆ మూల గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రాన్ని గీస్తే లెక్క ఒక చోట కుదురుకుంది. ఆ తరువాత అసలు బ్రాకెట్‌కు స్ట్రెయిన్ గేజ్ (లోహం ఎంత సాగిందో కొలిచే చిన్న పట్టీ) అంటించి, బరువు వేసి, మీటరు ముందు ఇద్దరం నిలబడ్డాం. మా అంకెకూ దానికీ తేడా పది శాతం లోపే. నాకు ఈ వృత్తి మొదలైంది ఆ మీటరు ముందే అనుకుంటాను.

ఇది కుర్రాళ్లు మాత్రమే చేసే పొరపాటు కాదు. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లీప్నర్ ఎ అనే చమురు వేదికకు కట్టిన కాంక్రీటు పునాది, ఫియర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీళ్లలో పరీక్షకు దించుతుండగానే పగిలి మునిగిపోయింది. మనుషులు బతికి బయటపడ్డారు కానీ నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. పునాది అరల మధ్య ఉన్న ముక్కోణపు గదుల దగ్గర మెష్ సరిగా పడలేదు. గోడల మీద కోత బలం (షియర్) ఉండాల్సిన దానికంటే 47 శాతం తక్కువగా లెక్క తేలింది. ప్రమాదం తరువాత జాగ్రత్తగా మళ్లీ లెక్క వేస్తే 62 మీటర్ల లోతులో గోడ పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే పద్ధతిలో లోపం లేదు. దాన్ని నడిపిన చోట, ఈ అంకె నిజమేనా అని పట్టుబట్టి అడిగినవాళ్లు లేరు.

అందుకే నన్ను సలహా అడిగితే ఊరి పేరుకన్నా, జీతం కన్నా ముందు ఒకటి చూస్తాను: మీ కంప్యూటర్ బల్లకు కొలత ఎంత దూరంలో ఉంది? మీరు వేసిన లెక్కను నిజం వస్తువు పక్కన పెట్టి చూసే అవకాశం, "ఎలా తెలుసు?" అని అడిగే మనిషి, ఈ రెండూ ఏ దారిలో దగ్గరగా దొరుకుతాయి? కింద రాసిన పోలికలన్నీ ఈ తూనికతోనే. మీ తూనిక వేరైతే, అంటే ఇంటి అప్పు తీరాలి, అమ్మానాన్నల దగ్గర ఉండాలి లాంటివైతే, అవీ గౌరవించదగ్గ కారణాలే. వాటిని దాచిపెట్టి వేరే కారణాలు చెప్పుకోకండి, అంతే.

ఈ ఊరికి ఉన్న బలం

కొలతల విషయంలో విశాఖ ధనవంతురాలు. హైదరాబాద్‌లో సిమ్యులేషన్ ఉద్యోగాలు ఎక్కువ ఉండవచ్చు. కానీ లెక్క వేసిన వస్తువు కళ్ల ముందు కదిలే ఊరు ఇది. 1941లో మొదలై, 1948లో జల ఉష నౌకను నీళ్లలోకి దించిన షిప్‌యార్డు ఇక్కడ ఉంది. ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, ఇప్పుడు బీహెచ్ఈఎల్‌లో భాగమైన ప్రెషర్ వెసల్స్ కర్మాగారం, అచ్యుతాపురం వైపు బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ప్రాంగణం ఉన్నాయి. 1969లో ఏర్పడిన నౌకాదళ పరిశోధన ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్‌లో సుమారు 500 మీటర్ల పొడవైన టోయింగ్ ట్యాంక్ ఉంది. ఓడ నమూనాను నీళ్లలో లాగి, ఎంత బలం పట్టిందో కొలిచే పొడవాటి తొట్టి అది.

ఆ తొట్టీ కంప్యూటరూ ఒకదానికొకటి ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో చూపిస్తాను. ఓడలో 25వ వంతు ఉన్న నమూనాను తీసుకోండి. అలలు సరిగ్గా ఓడ అలల్లాగే రావాలంటే వేగాన్ని 25కు వర్గమూలం, అంటే అయిదో వంతుకు తగ్గించాలి. ఇది ఫ్రూడ్ చెప్పిన సూత్రం. పొడవు 25వ వంతు, వేగం అయిదో వంతు అయ్యేసరికి రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహపు ఊపును నీటి జిగటతో పోల్చే అంకె) 125 రెట్లు పడిపోతుంది. ఓడకు అది వంద కోట్లు అనుకుంటే నమూనాకు 80 లక్షలే. నౌకా శాస్త్రంలో 1957 నుంచి వాడుకలో ఉన్న ఘర్షణ సూత్రంలో ఈ రెండూ వేసి చూడండి. ఓడకు గుణకం 0.0015, నమూనాకు 0.0031 వస్తుంది. అలలు ఒకటే అయినా ఘర్షణ రెట్టింపు! అందుకే నమూనా మీద కొలిచింది నేరుగా ఓడకు పనికిరాదు. మధ్యలో లెక్క కావాలి. లెక్క సరైనదని నమ్మాలంటే ముందు నమూనా మీద దాన్ని సరిచూడాలి, కాబట్టి కొలతా కావాలి. ఈ అటూ ఇటూ నడకే ఒక పరిశోధకుడి జీవితానికి సరిపడా పని.

ఇక్కడ ఒక మాట. ఇది రక్షణ ప్రయోగశాల. తొట్టి చూస్తామని వెళితే గేటు దగ్గరే ఆపేస్తారు. లోపల చేసిన పనిలో చాలా భాగం బయట ప్రచురించుకోలేరు. దాని సంగతి తరువాత చెబుతాను.

ఘన పదార్థాలా, ప్రవాహాలా?

ఇది చాలామంది సినిమా టికెట్టు ఎంచుకున్నట్టు ఎంచుకుంటారు. బీచ్ రోడ్డులో ఒడ్డున నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామిని ఒకసారి ఈ కళ్లతో చూసి రండి. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున బయటి నీరు ఆ స్తూపాకారపు పొట్టను నొక్కుతుంది. ఎక్కడ ముడుచుకుంటుంది, చిన్న సొట్ట ఉంటే బలం ఎంత తగ్గుతుంది అన్న ప్రశ్న మీకు ఆసక్తిగా ఉంటే మీది ఎఫ్ఈఎం దారి, అంటే ఘన వస్తువును చిన్న ముక్కలు చేసి లెక్కవేసే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. వెనక తిరిగే ప్రొపెల్లర్ రెక్క మీద నీరు ఆవిరి బుడగలై ఎందుకు పేలుతుంది, ఆ చప్పుడు ఎంత దూరం వినిపిస్తుంది అన్నది లాగితే సీఎఫ్‌డీ దారి, అంటే ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కవేసేది. మొదటి దాంట్లో ఉద్యోగాలు విస్తారం. రెండో దాంట్లో కంప్యూటర్ ఆకలి ఎక్కువ, సుడులు తిరిగే ప్రవాహాన్ని ఉజ్జాయింపుగా లెక్కలోకి తెచ్చే టర్బ్యులెన్స్ మోడల్ అనే నమ్మకం కలిగించని చుట్టం ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు. గేట్‌లో ఇంజనీరింగ్ సైన్సెస్ పేపరు ఘన, ప్రవాహ యాంత్రికశాస్త్రాలు రెండింటికీ తలుపు తెరుస్తుంది. ఓడల మీద మనసుంటే 2022 నుంచి నేవల్ ఆర్కిటెక్చర్‌కు విడిగా పేపరు ఉంది. విశాఖ పిల్లల్లో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ కావడం నాకెప్పుడూ వింతే.

మూడో తలుపూ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఊడ్చేసిన రోజు గుర్తుందా? తుపాను గాలి సముద్రపు నీటిని ఎంత ఎత్తున ఒడ్డుకు తోస్తుందన్నదీ ఇలాంటి సమీకరణాల లెక్కే. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లు అటు తొంగి చూడటం అరుదు.

ఎంటెక్: ఇక్కడా, బయటా, అసలు అవసరమా?

దీని మీద ఎక్కువ రాయను. బీటెక్ తరువాత నేరుగా సిమ్యులేషన్ ఉద్యోగంలో చేరితే మొదటి రెండేళ్లు మెష్ వేయడంతోనే గడుస్తాయి. చేతికి పని వస్తుంది, మెదడుకు రాదు. రెండేళ్ల ఎంటెక్‌లో న్యూమరికల్ మెథడ్స్, కంటిన్యూయమ్ మెకానిక్స్ ఒక్కొక్క సెమిస్టరు గట్టిగా చదివితే ఆ లోటు తీరుతుంది. గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. ఇంటి నుంచి వెళ్లి చదివేవారికి అది సరిపోవచ్చు. చెన్నైలో గది అద్దె కడుతూ చదివేవారికి చాలదు.

ఐఐటీ, ఐఐఎస్సీ, వరంగల్ ఎన్ఐటీలలో సీటు వస్తే వెళ్లండి. వెళ్లాల్సిన కారణం తోటివాళ్లు. పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు సొంతంగా సాల్వర్ (సమీకరణాలను పరిష్కరించే ప్రోగ్రాము) రాస్తుంటే మీకూ సిగ్గేసి రాస్తారు. ఆ సీటు రాకపోతే, ఓడల మీద ఆసక్తి ఉంటే, ఆంధ్రా యూనివర్సిటీ మెరైన్ ఇంజనీరింగ్, నేవల్ ఆర్కిటెక్చర్ విభాగాన్నీ, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ ప్రాంగణాన్నీ చూడకుండా దూరపు ప్రైవేటు కాలేజీకి లక్షలు కట్టకండి. ఇక మీ బీటెక్ మార్కులు కనీసం 75 శాతం ఉంటే, యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీతోనే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. చేయవచ్చు సరే, చేయమని మాత్రం చెప్పను. ఎంటెక్‌లో దిద్దుకోవలసిన పునాదిని పీహెచ్‌డీ మొదటి రెండేళ్లలో, స్టైపెండ్ గడియారం తిరుగుతుండగా దిద్దుకోవడం కష్టం.

పీహెచ్‌డీ: మూడు దారులు

నిబంధన ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. సిమ్యులేషన్‌లో నేను చూసినవాళ్లకు అయిదేళ్లు మామూలు.

మొదటిది, బయట పెద్ద సంస్థలో ఫుల్‌టైమ్. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. 2018లో మొదలైన ప్రధానమంత్రి ఫెలోషిప్ దొరికితే మొదటి రెండేళ్లు నెలకు 70,000, చివరికి 80,000 దాకా వెళుతుంది. అది దొరికే వారు కొద్దిమందే. కంప్యూటర్ బలం అక్కడి అసలు లాభమని అందరూ అంటారు. ఐఐఎస్సీలో 2022లో వచ్చిన పరమ్ ప్రవేగ సూపర్‌కంప్యూటర్ సామర్థ్యం 3.3 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు 3,300 లక్షల కోట్ల లెక్కలు, నిజమే. కానీ 2015లో ఆమోదం పొందిన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ తరువాత పెద్ద యంత్రాలు పలు సంస్థల్లో వెలిశాయి. లాగిన్ దొరికితే మద్దిలపాలెంలో కూర్చునీ పని నడపవచ్చు. ఆ యంత్రం కన్నా విలువైనది వారం వారం జరిగే సెమినార్. మీ గ్రాఫును పదిమంది ముందు పెట్టి, అందులో ఎనిమిది మంది దాన్ని చీల్చి చెండాడే గది అది.

రెండోది, ఇక్కడే రాష్ట్ర యూనివర్సిటీలో, లేదా ఊళ్లోని కాలేజీల పరిశోధన కేంద్రాల్లో. ఇల్లు, అమ్మ చేతి వంట, ఖర్చు తక్కువ. లోపం ఏమిటంటే, ఒక గైడ్ కింద అరడజను మంది ఉన్నా వాళ్లవి అరడజను వేర్వేరు విషయాలై ఉండే ప్రమాదం. మీ గ్రాఫు చీల్చేవాళ్లు ఉండరు. అలాంటివాళ్లను మీరే వెతుక్కోవాలి. నా మాట వింటారా? ఇక్కడ చేరేవాళ్లు మొదటి ఆరు నెలల్లో ఒక ప్రయోగంతో ముడి వేసుకోండి. కాలేజీ ల్యాబులోని చిన్న విండ్ టన్నెల్ అయినా సరే, షిప్‌యార్డులో పనిచేసే పూర్వ విద్యార్థి ఇప్పించిన ఒక వెల్డు ప్లేటు అయినా సరే. కంప్యూటర్ అంకెకు ఎదురుగా ఒక్క కొలత పెట్టిన థీసిస్, రంగుల బొమ్మలు మాత్రమే ఉన్న పది థీసిస్‌ల కన్నా వైవా గదిలో ధీమాగా నిలబడుతుంది. ఇంకో లాభం ఇప్పుడు కొత్తగా వచ్చింది. ఒకే దేశం ఒకే చందా పథకం 2025లో అమలయ్యాక, ప్రభుత్వ సంస్థల్లో చదివేవారికి పెద్ద పెద్ద జర్నళ్లు చేతికి అందుతున్నాయి. మా రోజుల్లో ఒక పేపరు కోసం మద్రాసులో ఉన్న మిత్రుడికి ఉత్తరం రాసి రెండు వారాలు ఎదురుచూసేవాళ్లం.

మూడోది, ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్. యజమాని నిరభ్యంతర పత్రం ఇస్తే 2022 నిబంధనలు దీనికి దారి ఇస్తాయి. ప్రయోగశాలలోనో కర్మాగారంలోనో పనిచేస్తూ, ఆ పనే థీసిస్ అయ్యేవారికి దీనికి మించిన దారి లేదు, ఎందుకంటే కొలత వాళ్ల చేతిలోనే ఉంటుంది. పగలు పాఠాలు చెప్పి రాత్రి పరిశోధన చేద్దామనుకునే లెక్చరర్లకు మాత్రం ఇది ఎడతెగకుండా సాగుతూనే ఉండే దారి. ఆరేళ్లు ఎప్పుడు గడిచాయో తెలియదు. పిల్లలు పెద్దవాళ్లవుతారు, అధ్యాయం రెండు అలాగే ఉంటుంది.

విదేశం గురించి రెండే మాటలు. జర్మనీలో పీహెచ్‌డీ తరచుగా జీతం వచ్చే ఉద్యోగంలాగే ఉంటుంది, అమెరికాలో అసిస్టెంట్‌షిప్ మీద నడుస్తుంది. రెండు చోట్లా మిమ్మల్ని తీసుకునేది యూనివర్సిటీ కన్నా ఎక్కువగా ఒక ప్రొఫెసర్. ఆయన పేపర్లు మూడు చదివి, నాలుగో పేపరులో మీరేం చేయగలరో రాసి పంపితే జవాబు వస్తుంది. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలయ్యే ఒకే ఉత్తరాన్ని రెండు వందల మందికి పంపితే రాదు.

మన తెలుగువాళ్లు ఈ రంగంలో చిన్నవాళ్లేమీ కారు. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ పట్టాతో బయలుదేరి, ఐఐఎస్సీ, ఎంఐటీల మీదుగా వెళ్లిన అట్లూరి సత్యనాథం మెష్ లేకుండానే లెక్కలు చేసే పద్ధతులకు పేరుపడ్డారు. 2013లో పద్మభూషణ్ వచ్చింది. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లిన జె.ఎన్. రెడ్డి పలకల వంపు మీద 1984లో ఇచ్చిన సిద్ధాంతాన్ని ప్రపంచమంతా ఆయన పేరుతోనే పిలుస్తుంది. వీళ్లను చూపించి "బయటికి వెళ్లాల్సిందే" అంటారు కొందరు. వాళ్ల కాలంలో పెద్ద కంప్యూటర్ ఉన్న చోటికి మనిషి నడిచి వెళ్లాలి. ఈ కాలం కుర్రాడు వాళ్ల దగ్గర నుంచి తీసుకోవలసింది విమానం టికెట్టు కన్నా గణితం మీద పట్టు.

ఆ తరువాత: కాలేజీ, ప్రయోగశాల, కంపెనీ

కాలేజీ ఉద్యోగానికి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700. కాగితం మీద ఉన్న ఆ అంకె అన్ని ప్రైవేటు కాలేజీల్లోనూ చేతికి రాదని ఈ ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. వారానికి 16 గంటల పాఠాలు, వాటికి తోడు అక్రెడిటేషన్ ఫైళ్లు, అడ్మిషన్ల సీజనులో ఇంటింటి ప్రచారం. పరిశోధనకు మిగిలేది ఆదివారం. అయినా ఒక మేలుంది. ప్రతి ఏడాదీ అరవై మందికి ఒకే కాంటిలీవర్ దూలాన్ని (ఒక చివరే గోడలో బిగించినది) బోధించేవాడికి అది ఎముకల్లోకి ఇంకుతుంది. నేను ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పాను. నాకు ఎఫ్ఈఎం నిజంగా అర్థమైంది ఆ ఎనిమిదేళ్లలోనే.

ప్రయోగశాలలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ సైంటిస్ట్ బి పోస్టుకు గేట్ స్కోరు, ఇంటర్వ్యూ. మూలవేతనం 56,100తో మొదలు. బార్క్‌కు ఏడాది శిక్షణ పాఠశాల ఉంది. నా తూనికలో ఇవే ముందు వరుస, కొలతకూ లెక్కకూ మధ్య ఒక వరండా దూరమే కాబట్టి. పైన దాటేసిన సంగతి ఇప్పుడు చెబుతాను. పదేళ్ల తరువాత బయట మీ పేరు ఎవరికీ తెలియకపోవచ్చు. మీ తోటివాడికి నలభై పేపర్లు, మీకు నాలుగు. మీ లెక్క నీటి అడుగున తిరుగుతూ ఉంటుంది, దాని గురించి భార్యకు కూడా చెప్పలేరు. దీన్ని సంతోషంగా మోసేవాళ్లను చూశాను, లోపల్లోపల కుమిలిపోయినవాళ్లనూ చూశాను. చేరేముందే మీరు ఏ రకమో నిజాయితీగా తేల్చుకోండి. ప్రొఫెసర్ కావాలన్న ఆశ మూలన ఉంటే ఈ దారి ఇబ్బంది పెడుతుంది.

కంపెనీలు, ముఖ్యంగా విదేశీ కార్ల, విమానాల సంస్థలకు సిమ్యులేషన్ సేవలు అందించేవి, జీతం బాగా ఇస్తాయి, గడువు తక్కువ ఇస్తాయి. భాగం డ్రాయింగు వస్తుంది, మీరు మెష్ వేసి లెక్క పంపుతారు, పరీక్ష ఇంకో ఖండంలో జరుగుతుంది. ఫలితం మీ దాకా రాదు. ఇక్కడ చేరేవాళ్లకు ఒక్కటే చెబుతాను: పరీక్ష ఫలితం చెప్పమని క్లయింటును అడుగుతూనే ఉండండి. పదిసార్లు అడిగితే రెండుసార్లు చెబుతారు. ఆ రెండే మిమ్మల్ని పక్కవాడి నుంచి వేరు చేస్తాయి.

ఆన్సిస్సా, అబాకస్సా?

అబ్బాయి ప్రశ్నకు జవాబు. 1970లో పుట్టిన ఆన్సిస్‌ను 2025లో చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ చేసే సినాప్సిస్ కొనేసింది. 1978లో మొదలైన అబాకస్ సంస్థ 2005లో ఫ్రెంచి దసో చేతికి వెళ్లింది. ఆల్టెయిర్ 2025లో సీమెన్స్ గూటికి చేరింది. పెళ్లిళ్ల సీజనులో ఇంటిపేర్లు మారినట్టు మారుతూనే ఉంటాయి. ఏది నేర్చుకున్నా రెండోది నెలలో వస్తుంది. ఉద్యోగం కోసం ఏదో ఒకటి చేతిలో ఉంచుకోండి, కాలేజీలో లైసెన్సు ఏది ఉంటే అదే.

పరిశోధకుడు కాదలచుకున్నవాడికి దాంతో సరిపోదు. లోపల ఏం జరుగుతోందో తెరిచి చూడగలిగేది ఒకటి కావాలి. ప్రవాహాలకు 2004 నుంచి ఉచితంగా ఉన్న ఓపెన్‌ఫోమ్, ఘన పదార్థాలకు ఫ్రెంచి విద్యుత్ సంస్థ తయారు చేసిన కోడ్ ఆస్టర్, లేదా కాల్క్యులిక్స్. చివరి దాని ఇన్‌పుట్ ఫైలు అబాకస్ ఫైలుకు చాలా దగ్గర, కాబట్టి ఒక దెబ్బకు రెండు పిట్టలు.

మూడోది మీరే రాసిన రెండు వందల పంక్తుల ప్రోగ్రాము. మీటరు పొడవు, 50 మిల్లీమీటర్ల చదరపు అడ్డుకోత ఉన్న ఉక్కు దూలం. ఒక చివర గోడలో, రెండో చివర వెయ్యి న్యూటన్ల బరువు. కాగితం మీద లెక్క వేస్తే కొస 3.2 మిల్లీమీటర్లు కిందికి వంగాలి. సాదా నాలుగు నోడ్ల టెట్రా ఎలిమెంట్లతో (నాలుగు మూలలున్న పిరమిడ్ లాంటి ముక్కలు) ముతక మెష్ వేసి చూడండి. దూలం మొండికేసి అందులో సగం కూడా వంగకపోవచ్చు. ఎర్రర్ ఏమీ రాదు, రంగులు చక్కగా వస్తాయి. ఎందుకు మొండికేసిందో ఒక పేజీలో వివరించగలిగితే మీరు ఏ ఇంటర్వ్యూకైనా సిద్ధం. కొక్కెం అబ్బాయికి ఈ దూలాన్నే ఇచ్చి పంపాను. తండ్రి నా వైపు అనుమానంగా చూశారు. ఇంత దూరం వస్తే ఒక కర్రముక్క లెక్క ఇచ్చి పంపుతున్నాడేమిటి అని.

గైడ్

చివరికి పెట్టాను కానీ, పీహెచ్‌డీ విషయంలో సంస్థ పేరు కన్నా దీనికే ఎక్కువ తూకం వేస్తాను. గొప్ప సంస్థలో పట్టించుకోని గైడ్ కన్నా, మామూలు యూనివర్సిటీలో మీ అంకెను నమ్మని గైడ్ మేలు. ఆయన దగ్గర చదివినవాళ్ల థీసిస్‌లు శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైటులో దొరుకుతాయి. రెండు దించుకుని, మెష్ మార్చితే జవాబు మారిందా లేదా అని చూపించే పట్టిక ఉందో లేదో చూడండి. కొలతతో పోల్చిన గ్రాఫు ఉందా? ఉంటే, తేడా ఎంతో నిజాయితీగా రాశారా, లేక "మంచి పొంతన కుదిరింది" అని దాటేశారా? డబ్బు కట్టి అచ్చు వేయించుకునే పత్రికల్లో పేపర్లు వరసగా కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

ఆయన్ని కలిసినప్పుడు మీ మార్కుల జాబితా కన్నా ముందు ఆ దూలం పేజీ బల్ల మీద పెట్టండి. ఆయన దాన్ని చదివి ఒక్క ప్రశ్నైనా వేస్తే మంచి శకునం. చదవకుండా "ఎప్పుడు చేరతారు?" అంటే ఆయనకు కావలసింది మరో తల లెక్క.

ఇంకా పక్కాగా తెలియాలంటే ఆయన దగ్గర మూడో ఏడాదిలో ఉన్న విద్యార్థిని పట్టుకుని, డిపార్టుమెంటు బయట టీ కొట్టుకు తీసుకెళ్లండి. మొదటి ఏడాదివాళ్లకు ఇంకా ఏమీ తెలియదు, అయిదో ఏడాదివాళ్లు ఏదీ చెప్పరు. మూడో ఏడాదివాడు నిజం చెబుతాడు. గైడ్ ఆఖరిసారి అతని గ్రాఫు ఎప్పుడు చూశారో, అందులో ఏం తప్పు పట్టారో అడగండి. టీ డబ్బులు మాత్రం మీరే ఇవ్వండి. అతనికి పోయిన నెల స్టైపెండ్ ఇంకా పడి ఉండదు.